గొర్రెకు పెట్టెడి స్పంజి కుక్కకు పనికివచ్చునా?

(రైతులకు చేసిన ప్రసంగ పాఠము)



జనవరి మాసములో నాంపల్లి ఎగ్జిబిషను చూడవచ్చి, పనిలో పనిగా అబిడ్స్‌లో కావలసిన సరుకులు, మందులు కొనుక్కొని పోవువారు మీలో పలువురుందురు. అట్లు వచ్చిన గొర్రెల కాపరి ఒకరు నన్నిట్లు అడిగినాడు: "అయ్యా, మా గొర్లన్నీ ఒక్కసారే ఎదకు రావాలని డాక్టరుగారు స్పంజీలు పెట్టిండ్రు. నాలుగు మిగిలినయి. మంద కాడ కావలుండే ఆడకుక్కకు ఒకటి పెడితే, అది ఎదకు రాకుండా ఉంటదా?"

పెట్టరాదు. ఎందుకో చెప్పెదను.

ఈ స్పంజిలో ప్రొజెస్టిరోను వంటి హార్మోను ఉండును. 1960 దశకములో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రాబిన్సన్ అను శాస్త్రజ్ఞుడు గొర్రెలలో ఈ పద్ధతిని వృద్ధిచేసెను. మన దేశములో అవికానగర్‌లోని కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థవారు స్వదేశీ స్పంజిని తయారుచేసినారు. స్పంజిని యోనిలో 12 నుండి 14 రోజులుంచిన, మందు కొద్దికొద్దిగా రక్తములో చేరి ఎదను ఆపును. తీసివేసిన రెండు మూడు రోజులలో గొర్రెలన్నియు దాదాపు ఒకేసారి ఎదకు వచ్చును. ఆవులకు సిలికోను రబ్బరుతో చేసిన రెక్కల సాధనమున్నది. ఒక రకములో ఆవు సాధనమునందు 1.38 గ్రాముల ప్రొజెస్టిరోను, గొర్రె సాధనమునందు 0.3 గ్రాము ఉండును. అనగా ఒక్కొక్క జంతువునకు కొలత వేరు, ఆకారము వేరు.

కుక్క సంగతి మరియు వేరు. ఆడకుక్క ఎద ముగిసిన పిమ్మట, చూలు కట్టినను కట్టకున్నను, సుమారు రెండు నెలలు దాని రక్తములో ప్రొజెస్టిరోను హెచ్చుగానే ఉండును. ఆ హార్మోను గర్భసంచి లోపలి పొరను దళసరి చేయును, రసములు ఊరించును, రోగనిరోధక శక్తిని తగ్గించును. అప్పుడు సూక్ష్మజీవులు చేరిన గర్భసంచి చీముతో నిండిపోవును. ఇట్టి శరీరమునకు మనము మరికొంత ప్రొజెస్టిరోను చేర్చుట, మండు పొయ్యిలో నెయ్యి పోసినట్లే.

కుక్కకు తగిన సాధనము చేయవలెనన్న, మందును మార్చుటతోనే సరిపోదు. దాని యోనిమార్గము పొడవుగా, ఇరుకుగా ఉండి, మొదట వెన్నువైపునకు ఎక్కి పిదప ముందునకు సాగును. చిన్న జాతికిని పెద్ద జాతికిని పరిమాణములో ఎంతో భేదమున్నది. బయటకు వ్రేలాడు దారమును కుక్క నాకి, కొరికి, లాగివేయును. లోపల నిలుచుట, నెమ్మదిగా మందు విడుచుట, నొప్పి లేకుండ బయటకు వచ్చుట, ఈ మూడును కుదురవలెను.

మరి ఎద వలదన్న ఏమి చేయవలెను? పిల్లలు వలదనుకొన్న ఆడకుక్కకు శస్త్రచికిత్సచే గర్భసంచిని, అండాశయములను తీయించుటయే దీర్ఘకాల ఉపాయము. దీనివలన చీముపట్టు వ్యాధి భయము కూడ తొలగును. కొన్ని దేశములలో డెస్లోరెలిన్ అను మందు గుళికను చర్మము క్రింద ఉంచుదురు. అయితే పెరిగిన కుక్కలో అది తొలుత ఎదను తెప్పింపవచ్చును. కనుక వైద్యుని నిర్ణయము లేనిదే తగదు.

ఎద ముగిసిన ఒకటి రెండు నెలలకు మీ కుక్క మేత మాని, అధికముగా నీరు త్రాగుచు, మాటిమాటికి మూత్రము పోయుచు, మందముగా పడియున్న, ఆ రోజే పశువైద్యశాలకు తీసికొనిపొండి. నగరములో ఉన్న రైతులకు నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల కలదు. చీము బయటకు రాకున్నను వ్యాధి ఉండవచ్చును. అట్టిది మరింత ప్రమాదకరము. ఆలస్యమైన ప్రాణము పోవును.

మిగిలిన స్పంజీలను ఇంట దాచక, వైద్యునకు తిరిగి ఇండ్లు. చేతి తొడుగులు లేకుండ వాటిని తాకవద్దు, ముఖ్యముగా గర్భిణీ స్త్రీలు. మంద కాచు కుక్కకు మంద మందు వలదని గుర్తుంచుకొనుడు.