అన్ని స్థానముల ఆటగాడు: మకోతో హసెబె

(యువజనుల క్రీడోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



క్రీడలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను క్రికెట్టును గూర్చియే మాట్లాడుదునని వారు తలచియుందురు. నేను మాత్రము జపాను దేశపు ఫుట్‌బాల్ ఆటగాడొకనిని గూర్చి చెప్పదలచితిని. అతని పేరు మకోతో హసెబె. పిల్లలలో కొందరికి ఆ పేరు తెలిసియుండును. పెద్దలకు చాలమందికి తెలియకపోవచ్చును. అతడు గోలుల మీద గోలులు చేసి కీర్తి గడించినవాడు కాడు. తన దేశపు జట్టు తరపున 114 ఆటలాడి రెండే రెండు గోలులు చేసెను. అయినను జర్మనీ దేశపు ప్రథమశ్రేణి లీగులో 384 ఆటలాడి 2024లో విరమించునాటికి, ఆసియా ఖండమునుండి అక్కడకు పోయిన ఆటగాండ్రలో ఎవరును అన్ని ఆటలు ఆడియుండలేదు.

ఇతనినే ఎందుకు ఎన్నుకొంటిననగా, ఒక కారణమున్నది. మన మైదానమున ప్రతి కుర్రవానికిని సెంటర్ ఫార్వర్డుగానే ఆడవలెనని కోరిక. నీవు వెనుకకు పోయి బ్యాకుగా నిలువుమన్నచో మొగము చిన్నబుచ్చుకొనును. ఈ వారము బ్యాకుగను, పై వారము హాఫ్‌గను, ఆ పై వారము కుడివైపునను ఆడుమన్నచో ఇక చెప్పనక్కరలేదు. తండ్రియే వచ్చి, మావాడు మీకు అంత లోకువయ్యెనా యని అడుగును. ఆ తండ్రి అడుగుదానిలో న్యాయము లేకపోలేదు. అన్ని పనులకు పనికివచ్చువానికి తనదని చెప్పుకొనదగిన పని ఒకటి మిగులదు. కరివేపాకు లేనిదే పోపు లేదు, కాని విస్తరిలోనికి వచ్చిన పిమ్మట దానిని తీసి అంచున పెట్టుదురు. జట్టులో ఏ స్థానముననైనను ఆడగలవాని గతి తరచుగా ఇట్లే యుండును. హసెబె జీవితమున ఆ గతి ఎట్లు పట్టినది, అతడు దానినుండి ఎట్లు బయటపడినది, అందులో ఏమి పోగొట్టుకొన్నది చూతము.

అతడు 1984 జనవరి 18వ తేదీన షిజువొకా మండలమందలి ఫుజియెదా పట్టణమున జన్మించెను. ఆ మండలము జపానులో ఫుట్‌బాలునకు పుట్టినిల్లువంటిది. అతడు చదివిన ఫుజియెదా హిగాషి ఉన్నత పాఠశాల ఆ ఆటకు పేరుపడినది. అతనికి తొమ్మిదేండ్ల వయస్సున, 1993లో, జపానులో వృత్తి ఆటగాండ్ర లీగు ఆరంభమయ్యెను. కనుక బంతి తన్ని జీతము తీసికొనవచ్చునను మాట విని పెరిగిన తొలి తరము వానిది.

ఇచ్చట మనకు సంబంధించిన మాట ఒకటి చెప్పి ముందుకు పోయెదను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత జట్టు జపానును 2–0 తేడాతో ఓడించి, చివరకు స్వర్ణపతకమును గెలిచినది. ఆ జట్టునకు శిక్షకుడు హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆ పోటీలలోనే బ్యాకుగా ఆడుచున్న జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడగా, రహీమ్ అతనిని ముందు వరుసకు మార్చెను. జర్నైల్ సెమీఫైనలులోను ఫైనలులోను గోలు చేసెను. స్థానము మార్చుట యను విద్య మన హైదరాబాదునకు క్రొత్తది కాదని చెప్పుటకే ఇది. జపానువారు ఆ దినములలోనే డెట్మార్ క్రామర్ అను జర్మను శిక్షకుని పిలిపించుకొని, 1968 మెక్సికో ఒలింపిక్సులో కాంస్యపతకము తెచ్చుకొనిరి. అటుపిమ్మట వారెక్కడ, మనమెక్కడ అను ప్రశ్నకు నేటి సభలో సమాధానము చెప్పుటకు వేళ చాలదు.

హసెబె 2002లో ఉరావా రెడ్స్ జట్టున చేరెను. అక్కడ అతడు మధ్య వరుసలోని ఆటగాడు. బంతిని కాలికి అంటిపెట్టుకొని ప్రత్యర్థుల నడుమనుండి దూసికొనిపోవుట ఆనాటి అతని సొగసు. 2006లో ఉరావా జపాను లీగును, 2007లో ఆసియా ఛాంపియన్స్ లీగును గెలిచినది. అప్పటికి అతనికి 23 ఏండ్లు. స్వదేశమున పేరు, జీతము, అభిమానులు అన్నియు కలవు. ఇంట గెలిచినాడు, రచ్చ గెలువవలెనని 2008 జనవరిలో జర్మనీకి పోయి వుల్ఫ్స్‌బర్గ్ జట్టున చేరెను.

వుల్ఫ్స్‌బర్గ్ అనునది ఫోక్స్‌వాగన్ కార్ల కర్మాగారము చుట్టు వెలసిన ఊరు. అక్కడి శిక్షకుడు ఫెలిక్స్ మాగత్ కఠినుడు. ఆటగాండ్రను పరుగులు తీయించి అలయించుటలో ఆయన పేరు జర్మనీ అంతట మారుమ్రోగినది. 2009లో ఆ జట్టు చరిత్రలో మొదటిసారిగా జర్మను లీగు విజేతయైనది. అంతకు ముందు 1978లో కొలోన్ జట్టుతో ఆ గౌరవము పొందిన జపానీయుడు యసుహికో ఒకుదేరా. చిత్రమేమనగా ఆ ఒకుదేరాయును ముందు వరుసలో ప్రక్కన ఆడుటకు పోయి, పిదప బ్రెమెన్ జట్టులో వెనుకకు మారి స్థిరపడినవాడే.

వుల్ఫ్స్‌బర్గ్‌లో హసెబె మెడలో విజయహారము పడినది కాని, కాలిక్రింద నేల కదలినది. తనకిష్టమైన మధ్యస్థానము దొరకుట అరుదయ్యెను. కుడిప్రక్క హాఫ్‌గా ఆడుమనిరి, ఆడెను. కుడి బ్యాకుగా ఆడుమనిరి, ఆడెను. ఎవరికి గాయమైనను, ఎవరికి శిక్ష పడినను ఆ ఖాళీలో అతనిని నిలిపిరి. ఉరావాలో చూచిన ఆ దూసికొనిపోవు ఆట క్రమక్రమముగా మరుగుపడెను. దీనిని నేను నష్టముగానే భావింతును. ఒకని సహజమైన విద్యను పక్కన పెట్టించి వానిచేత పదిరకముల పనులు చేయించుకొనునప్పుడు, ఆ పని చేయించుకొన్నవారికి లాభమే గాని, చేసినవాని ఖాతాలో కొంత ఖర్చు వ్రాయబడియే తీరును.

ఈ కథకు పరాకాష్ఠ 2011 సెప్టెంబరు 17వ తేదీన హాఫెన్‌హైమ్ జట్టుతో ఆడిన ఆటలో జరిగినది. ఆట చివరి భాగమున వుల్ఫ్స్‌బర్గ్ గోల్‌కీపరునకు ఎఱ్ఱ కార్డు చూపి బయటకు పంపిరి. మార్చుకొనదగిన ముగ్గురు ఆటగాండ్రును అప్పటికే మారియుండిరి. ఇక గోలులో ఎవరు నిలువవలెను? హసెబె చేతికి తొడుగులు తొడిగికొని కీపరుగా నిలిచెను. ఒక గోలు పడినది. జట్టు 3–1తో ఓడినది. పిల్లలు నవ్వుచున్నారు, నవ్వుడు. ఆనాడు చూచినవారును నవ్వియుందురు. కాని పదిమంది ఉన్న జట్టులో, ఓడుచున్న ఆటలో, తనది కాని పనికి ఎవని పేరు ముందుగా తోచినదో గమనింపుడు. నమ్మకమునకు అది ఒక గుర్తు. కరివేపాకునకు కూడ అదియే గుర్తు.

2012 వేసవిలో అతడు జట్టు మారదలచెను. అది కుదరలేదు. కుదరకపోగా, సీజను ఆరంభమున కొన్ని వారములపాటు అతనికి ఆటయే లేదు. అప్పటికి అతడు జపాను జాతీయ జట్టునకు నాయకుడు. స్వదేశపు జట్టును నడపువాడు, పరదేశపు జట్టులో ఆటకు నోచుకొనక సాధనతోనే దినములు గడపవలసివచ్చెను. అక్టోబరులో మాగత్ పదవినుండి వైదొలగిన తరువాత మరల పిలుపు వచ్చెను. 2013లో న్యూరెంబర్గ్‌నకు మారెను; మోకాలి బాధతో సగము సీజను పోయెను; ఆ జట్టు క్రింది శ్రేణికి దిగజారెను. 2014లో ఫ్రాంక్‌ఫర్ట్ జట్టున చేరునాటికి అతనికి 30 ఏండ్లు. ఫుట్‌బాల్ ఆటగానికి 30 అనగా సాయంకాలము ఆరంభమైనట్లే. ఇతని కథ ఇక ముగిసినదని తలచినవారు తప్పు తలచిరని చెప్పలేము.

అయితే 2016లో ఫ్రాంక్‌ఫర్ట్‌నకు నికో కొవాచ్ శిక్షకుడుగా వచ్చెను. ఆయన ముగ్గురు బ్యాకులతో ఆడించుచు, నడిమివానిగా హసెబెను నిలిపెను. ఆ స్థానమునకు లిబెరో అని పేరు. అది ఇటలీ భాషాపదము, స్వేచ్ఛగలవాడని అర్థము. ప్రక్కనున్న ఇద్దరును ప్రత్యర్థి ఫార్వర్డులను పట్టుకొందురు. నడిమివానికి ఫలానావానిని పట్టుకొనుమను నిర్బంధము లేదు. అతడు అరడుగు వెనుక నిలిచి, బంతి ఎక్కడికి రాబోవునో ముందుగా గ్రహించి అక్కడ ఉండవలెను. బంతి దొరకినంతనే తన జట్టు దాడికి మొదటి అడుగు అతడే వేయవలెను. పెండ్లి విందులో వడ్డించువారు పదిమంది యుండగా, చేత గరిటె లేకుండ పంక్తి చివర నిలిచి, ఏ విస్తరిలో ఏమి తక్కువైనదో కనిపెట్టి కేకవేయు పెద్దమనిషిని మీరు చూచియుందురు. ఆ పని అది. జర్మనీలో ఒకప్పుడు బెకెన్‌బవర్ ఆ స్థానమునకు కిరీటము పెట్టెను. ఆయనను కైజర్, అనగా చక్రవర్తి, అని పిలిచిరి. కాలక్రమమున ఆ స్థానము దాదాపు మాసిపోయినది.

ఈ లిబెరో పనికి కావలసినదేమి? వేగము కాదు, అది హసెబెకు అంతగా లేదు. ఎత్తును బలమును కావు. కావలసినది తక్కినవారందరి పనియు తెలిసియుండుట. కుడి బ్యాకు ఎప్పుడు అలసిపోవునో, హాఫ్ ఎప్పుడు తన చోటు విడిచి ముందుకు పోవునో, కీపరు ఎప్పుడు తటపటాయించునో, ఆ స్థానములలో స్వయముగా నిలిచి దెబ్బలు తిన్నవానికి ఒకరు చెప్పవలసిన పని లేదు. వుల్ఫ్స్‌బర్గ్‌లో పలు చోట్ల ఖర్చయిపోయినదనుకొన్నదంతయు ఇచ్చట ఒక చోట జమపడినది. జర్మను పత్రికలవారు అతనిని కూడ కైజర్ అని వ్రాయసాగిరి. ఇట్టి అదృష్టము అందరికి పట్టదని నేనెరుగుదును. కొవాచ్ రానిచో ఇతని కథ వేరుగా నుండెడిది.

ఈ స్థానము సుఖాసనమని అనుకొనరాదు. 2017 మార్చిలో బాయర్న్ మ్యూనిక్ జట్టుతో ఆడుచు, బంతిని కాపాడబోయి గోలు స్తంభమునకు కొట్టుకొని కాలు గాయపరచుకొనెను. ఆ సీజనులో మరల ఆడలేదు. మరుసటి యేడు, 2018 మే 19వ తేదీన బెర్లిను నగరమున జర్మను కప్పు ఫైనలులో అదే బాయర్న్‌ను ఫ్రాంక్‌ఫర్ట్ 3–1 తేడాతో ఓడించెను. 1988 తరువాత ఆ ఊరికి ఆ కప్పు వచ్చుట అదియే. 2022 మే 18వ తేదీన సెవిల్లె నగరమున యూరోపా లీగు ఫైనలులో స్కాట్లండుకు చెందిన రేంజర్స్ జట్టుతో ఆట 1–1గా నిలిచి, పెనాల్టీలలో 5–4తో ఫ్రాంక్‌ఫర్ట్ గెలిచినది. నాడు 38 ఏండ్ల హసెబె రెండవ అర్ధభాగమున లోనికి వచ్చి తుదివరకు ఆడెను.

జాతీయ జట్టులో అతని కథ వేరు. అక్కడ అతడు మధ్యస్థానమునుండి కదలలేదు. 2010 దక్షిణాఫ్రికా ప్రపంచకప్పునకు కొన్ని దినముల ముందు, శిక్షకుడు ఒకాదా అనుభవశాలియైన నకజావా చేతినుండి నాయకత్వమును తీసి, 26 ఏండ్ల హసెబెకు ఇచ్చెను. అట్టి సమయమున పెద్దవాని చేతి పట్టీని చిన్నవాని చేతికి కట్టుట ఎంతటి చిక్కో మన సంఘముల ఎన్నికలు చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు. అతడు మూడు ప్రపంచకప్పులలో జట్టును నడిపెను. మొత్తము 81 ఆటలకు నాయకుడుగా నుండెను. 2011లో దోహా నగరమున ఆసియా కప్పు గెలిచిన జట్టునకు అతడే నాయకుడు. 2018లో రష్యాలో బెల్జియముపై 2–0 ఆధిక్యములో నుండి, చివరి క్షణములలో 3–2తో ఓడిన ఆట జాతీయ జట్టులో అతని చివరి ఆట.

2011లో అతడు మనస్సును సరిపెట్టుకొనుటను గూర్చి ఒక పుస్తకము వ్రాసెను. అది పది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయినది. ఆ సంవత్సరము మార్చి 11న తూర్పు జపానులో భూకంపమును ఉప్పెనయు వచ్చి వేలమందిని పొట్టన పెట్టుకొన్నవి. తనకు వచ్చిన గ్రంథకర్త ప్రతిఫలమును అతడు యూనిసెఫ్ ద్వారా బాధితులకు ఇచ్చివేసెను. ఉప్పెనలో కొట్టుకొనిపోయిన మినమిసన్రికు పట్టణమున దానితో పసిపిల్లల బడి ఒకటి తిరిగి లేచెను.

ఇంకొక మాట. జర్మనీలో అతడు పదునారేండ్లకు పైగా ఆడెను. అక్కడి భాష నేర్చుకొని, విలేఖరులతో ఆ భాషలోనే మాట్లాడెను. వెనుకనుండి పదిమందికి కేకవేసి చెప్పవలసిన లిబెరోకు దుబాసి ఉపయోగపడడు. పరభాషా ప్రాంతమున తరతరములుగా కాపురముండి, వీధిలో ఒక భాషయు ఇంట ఒక భాషయు మాట్లాడు మనకు ఇందులో ఆశ్చర్యమేమియు తోచకపోవచ్చును.

2020 జూనులో అతడు జర్మను లీగున 309వ ఆట ఆడి, దక్షిణ కొరియాకు చెందిన చా బుమ్ కున్ 1989లో విడిచిన 308 ఆటల లెక్కను దాటెను. ఆ చా కూడ ఒకప్పుడు ఫ్రాంక్‌ఫర్ట్ ఆటగాడే. 2024 మే 18వ తేదీన లైప్జిగ్ జట్టుతో జరిగినది హసెబె చివరి ఆట. అప్పటికి అతనికి 40 ఏండ్లు. అటుపిమ్మట ఫ్రాంక్‌ఫర్ట్ యువకుల జట్టునకు సహాయ శిక్షకుడయ్యెను. ఆ యేడే జపాను జాతీయ జట్టు శిక్షకులలో ఒకడుగా చేరెను.

మధ్యాహ్నము ఆట ఆరంభమగు వేళ సమీపించుచున్నది. బ్యాకుగా నిలువుమని చెప్పబడిన ఆ ఇద్దరు కుర్రవాండ్రును ఇక లేచి బూట్లు కట్టుకొనవచ్చును.