పది తర్వాత దారులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పది పాసైతే ఇంటర్ ఒక్కటే దారి కాదు. పాలీసెట్ రాస్తే మూడేళ్ల డిప్లొమా. ఆపై ఈసెట్‌తో ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లే. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల చదువుకు సీటు. మనకు దగ్గరిది ఇడుపులపాయ.

2016లో మన మండలంలోనే సోలార్ కరెంటు ఉత్పత్తి మొదలైంది. అక్కడ మన పిల్లలకు కాపలా పని కాక సాంకేతిక పని దక్కాలంటే ఈ చదువులు అందాలి. దారి తెలియక, గడువు దాటి చదువు ఆగిపోతే ముందు నష్టపోయేది ఆడపిల్లలే.

అందుకే ఏటా పది పరీక్షలకు ముందే మనం బడికి రావాలి. గడువు తేదీలు చెప్పాలి, దరఖాస్తులు దగ్గరుండి పెట్టించాలి, తల్లిదండ్రులతో మాట్లాడాలి. బడి రుణం తీర్చుకోవడానికి ఇంతకన్నా మంచి మార్గం లేదు.