వేదిక నెక్కు దారి
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



శ్రీరామనవమికో, జాతరకో, సంక్రాంతికో ఊరిలో నాటకము వేయించుట మన పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పందిరి వేయుటకు, దీపము లమర్చుటకు, నాటక సమాజమువారికి భోజనములు పెట్టుటకు ఊరంతయు పూనుకొనును. అయినను ఆ నాటకమునకు ఊరివారందరును వచ్చుచున్నారా? చక్రముల కుర్చీలో తిరుగు యువకు డెక్కడ? వినికిడి లేని బాలిక యెక్కడ? వారు చూడవచ్చుటయే అరుదు. వేషము కట్టుట మరింత అరుదు. ఈ విషయమునే నేడు మీ ముందుంచ దలచినాము.

శ్రీకృష్ణ రాయబార ఘట్టమున ధృతరాష్ట్రుడు కొలువుదీరి యుండును. చూపున్న నటుడు కన్నులు మూసికొని ఆ పాత్రను అభినయించుట మన మెరిగినదే. చూపు లేనివా డొకడు రాగయుక్తముగా పద్యము చదువగలవాడై ఊరిలోనే యున్నను, అతనిని పిలువవలెనని మనకు తోచదు. పైగా నవ్వు పుట్టించుటకై నత్తిని, కుంటి నడకను అనుకరించుట కొందరికి పరిపాటి యైనది. అష్టావక్రుని వంకరలు చూచి జనకుని సభలోనివారు నవ్విన కథ మన పెద్దలు చెప్పినదే. చర్మమును చూచి వెలకట్టువారు తోలు వర్తకులే గాని పండితులు కారని ఆ కథాసారము.

ఇతర దేశములందును ఈ మార్పు సులభముగా రాలేదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున బ్రాడ్‌వే నాటకశాలలు ప్రసిద్ధములు. అచట 2015లో ఒక సంగీత నాటకమును వినికిడి లేని నటులును, వినగల నటులును కలిసి ప్రదర్శించిరి. ఒకరు చేతి సైగలతో పలికిన దానిని వేరొకరు గొంతెత్తి పాడిరి. ఆ నాటకముననే ఆలీ స్ట్రోకర్ అను యువతి చక్రముల కుర్చీలో నుండి నటించినది. బ్రాడ్‌వేలో అట్లు నటించినవారిలో ఆమెయే ప్రథమురాలు. రెండేండ్ల ప్రాయమున జరిగిన కారు ప్రమాదము వలన ఆమె నడక కోల్పోయినది. 2019లో 'ఓక్లహోమా' అను సంగీత నాటకమున చలాకీ పడుచు పాత్ర ధరించి ఆమె టోనీ బహుమానము నందుకొన్నది. ఆ పాత్ర వికలాంగురాలి పాత్ర కాదు. ఈ సంగతిని మనము ముఖ్యముగా గమనింపవలెను.

అయితే బహుమాన ప్రదానము నాడు ఏమి జరిగినది? ప్రేక్షకుల ఆసనముల నుండి వేదికపైకి కుర్చీ పోవుటకు వాలుదారి లేదు. అందుచేత ఆమె తెర వెనుకనే వేచియుండ వలసివచ్చినది. అంతటి సంపన్న నగరమున ప్రతిభకు పట్టము కట్టిరి గాని, దానికి దారి కట్టుట మరచిరి.

మనము మరువరాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములోని 29వ సెక్షను, సాంస్కృతిక జీవనమున ఇతరులతో సమముగా పాల్గొను హక్కును వికలాంగులకు కాపాడు బాధ్యతను ప్రభుత్వములతోపాటు స్థానిక సంస్థలపైనను ఉంచినది. స్థానిక సంస్థలలో పంచాయతీయు నొకటి యని ఆ చట్టమే చెప్పుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వికలాంగులు 2 కోట్ల 68 లక్షల మంది. వారిలో నూటికి సుమారు 69 మంది పల్లెవాసులే.

చేయవలసిన పని పెద్దది కాదు. ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవున వాలుదారి కట్టవలెను. వేదిక 3 అడుగుల ఎత్తుండినచో దారి 36 అడుగులు కావలెను. చోటు చాలనిచో వేదికను 2 అడుగులకు తగ్గించినచో 24 అడుగులు సరిపోవును. మలుపు ఉండినచో అచట కుర్చీ తిరుగుటకు చదునైన చోటు విడువవలెను. వేదికతోపాటే దీనిని కట్టినచో ఖర్చు స్వల్పము. తరువాత పగులగొట్టి కట్టుట భారము. వేషములు వేసికొను గదికిని మెట్లు లేని దారి యుండవలెను. వినికిడి లేనివారిని నటుల ముఖములు కనబడు ముందు వరుసలో కూర్చుండబెట్టుడు. చూపు లేనివారి కొరకు తెర తీయుటకు ముందే రంగమున నున్న వారెవరో, ఏమి ధరించిరో సూత్రధారునిచే చెప్పించుడు.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చించి, గ్రామాభివృద్ధి ప్రణాళికలో చేర్చుడు. పిదప ఆ యువకుని ఇంటికి, ఆ బాలిక ఇంటికి మీరే స్వయముగా వెళ్లి పిలువుడు. జాలితో పిలువవలదు. వారి గొంతు, వారి అభినయము మన నాటకమునకు కావలెనని పిలువుడు. వారు వచ్చినపుడే అది ఊరి నాటక మగును.