కొండ ఎక్కే బస్సు ముందు ఎవరిది?

 

నన్ను పర్యాటకం మీద మాట్లాడమన్నారు. నేను బస్సులు, రైళ్ల గురించే మాట్లాడతాను. ఎందుకంటే కొండమీదికి ముందు వచ్చేది తొవ్వ, దాని వెనకే మిగతావన్నీ.

మీలో చాలామంది అరకు చూసొచ్చారు. ఆ కొత్తవలస–కిరండూల్ రైలు మార్గాన్ని 1960లలో వేసింది చూడటానికి వచ్చేవాళ్ల కోసం కాదు. బైలదిలా ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు దింపి జపాన్‌కు పంపడానికి. అందుకోసం కొండల్ని తొలిచి 58 సొరంగాలు తవ్వారు. ఈ కథ మనకు కొత్తేం కాదు. బొగ్గు వ్యాగన్‌కు గని దాకా పట్టాలుంటాయి, గోదావరిఖని మనిషి రైలెక్కాలంటే రామగుండం స్టేషన్‌కు పోవాలి.

2017లో ఆ అరకు రైలుకు అద్దాల పెట్టె తగిలించారు. నాకది నచ్చింది. అద్దాల పెట్టెలో టూరిస్టు, పక్క పెట్టెలో సంతకు పోయే అమ్మ, ఇద్దరినీ లాగేది ఒకే ఇంజిన్. నచ్చనిది ఘాట్ రోడ్డు. డిసెంబరు సెలవుల్లో అక్కడ కార్లు బారులు తీరతాయి. కాన్పుకు తీసుకొస్తున్న 108 బండి కూడా ఆ బారులోనే ఆగాలి.

తిరుమల ఘాట్‌లో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు నడుస్తున్నాయి. ఎక్కేటప్పుడు కరెంటు బాగా తాగుతాయి. దిగేటప్పుడు మోటారే జనరేటరులా తిరిగి బ్యాటరీకి కొంత వెనక్కి ఇస్తుంది. పొగ రాదు, నిజమే. కానీ ఆ కరెంటు ఎక్కడిది? మన పక్కనున్న 2600 మెగావాట్ల ఎన్టీపీసీ కరెంటు దక్షిణాది రాష్ట్రాలకు పోతుంది. అక్కడ రాని పొగలో కొంత ఇక్కడి గొట్టాల్లోంచి వస్తుంది. అదే రిజర్వాయరు నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి కాబట్టి దారి మారుతోందనీ ఒప్పుకోవాలి. ఏ కరెంటైనా, ఏ డీజిలైనా, నలభై మంది పది కార్లలో ఎక్కేకన్నా ఒక్క బస్సులో ఎక్కడం మేలు.

ఇక మన కొండలు. కొమురం భీం 1940లో నేలకొరిగిన జోడేఘాట్‌కు, కెరమెరి ఘాట్‌కు చూడటానికి జనం వస్తున్నారు. రేపు రిసార్టులు కూడా రావచ్చు. అప్పుడు బస్సు టైము ఎవరిని చూసి పెడతారు? హైదరాబాద్ నుంచి శనివారం వచ్చేవాళ్లనా, అంగడి రోజు గంపతో దిగే అవ్వనా? 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు. మంచిదే. బస్సే రాని గూడెంలో ఆ జీరో టికెట్ ఎవరు కొట్టాలి?

నా మాట ఇదీ: అంగడికి, దవాఖానకు, కాలేజీకి సరిపోయే టైములు ముందు పెట్టాలి. టూరిస్టు కారును కొండ కింద ఆపుకుని అదే బస్సెక్కాలి. టికెట్ కొంటాడు కాబట్టి ఆ రూటుకు నాలుగు డబ్బులొస్తాయి, రూటు నిలబడుతుంది. గంపకు చోటుండాలి, పొద్దుగూకాక కూడా ఒక ట్రిప్పు ఉండాలి. కండక్టరుకు గోండి నాలుగు ముక్కలొస్తే ఇంకా మంచిది.

1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో అభివృద్ధి ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం కావాలి. మీలో కెరమెరి, ఉట్నూరు వైపు వాళ్లు ఈ సెలవుల్లో ఒక వారం నోటుబుక్కు పట్టుకుని కూర్చోండి. ఏ గూడెం నుంచి, ఏ పూట, ఎంతమంది, ఎక్కడికి పోతున్నారో రాయండి. ఎవరు పోలేక ఆగిపోయారో అదీ రాయండి. ఆ పుస్తకాన్ని ముందు గ్రామసభలో చదవండి, తర్వాత డిపోకు తీసుకెళ్లండి.