తప్పు లెక్క ముందు ఉపాధ్యాయుడు

ఒక ఉపాధ్యాయుడి పేరిట నర్సంపేటలో జరుగుతున్న ఈ స్మారక సభలో నేను మాట్లాడదలచుకున్నది పాఠం చెప్పే తీరు గురించి. ఒక్కొక్కరిది ఒక్కో తీరు అని మనందరికీ తెలుసు. ఒక సారు కథలా చెబుతారు, ఒక టీచర్ ప్రశ్న మీద ప్రశ్న వేస్తారు, మరొకరు పిల్లల్ని జట్లుగా కూర్చోబెట్టి పని అప్పగిస్తారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి వీటిలో తమది ఏది కావాలన్న ప్రశ్న తప్పదు. దీనికి వినబడే జవాబులు రెండు. తీరు పుట్టుకతో రావాలంటారు కొందరు. శిక్షణలో నేర్పిన పద్ధతి పట్టుకుంటే చాలంటారు ఇంకొందరు. ఈ రెండూ సరిపోవని నా వాదన. పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో, ఎందుకు ఆగిపోతున్నారో రోజూ కనిపెట్టే పనిలోనే ఉపాధ్యాయుడికి సొంత తీరు తయారవుతుంది.

మూడో తరగతి లెక్క ఒకటి తీసుకుందాం. 503లోంచి 278 తీసివేయాలి. పిల్లవాడు 375 అని రాశాడు. ఎర్ర సిరాతో కొట్టేసి పేజీ తిప్పవచ్చు. కాస్త ఆగి చూస్తే మాత్రం వాడు నోటికొచ్చింది రాయలేదని తెలుస్తుంది. ఒకట్ల స్థానంలో 3లోంచి 8 పోదు గనుక 8లోంచి 3 తీసి 5 వేశాడు. పదుల స్థానంలో సున్నాలోంచి 7 పోదు గనుక 7 దించాడు. వందల్లో 5లోంచి 2 పోగా 3. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని వాడొక నియమం పెట్టుకున్నాడు, దాన్ని ఎక్కడా తప్పలేదు. తీసివేతలో పిల్లల తప్పుల వెనక ఇలాంటి స్థిరమైన నియమాలు ఉంటాయని 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు చూపించారు. ఈ పిల్లవాడికి "పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకో" అని ఎన్నిసార్లు చెప్పినా పని జరగదు, ఎందుకంటే వాడి నియమంలో అప్పు అవసరమే రాదు. ఆ నియమాన్ని పట్టుకున్న ఉపాధ్యాయుడు ఎటునుంచైనా రావచ్చు. బోర్డు మీద 503ను 4 వందలు, 9 పదులు, 13 ఒకట్లుగా విడదీసి చూపవచ్చు. పుల్లల కట్టలు విప్పించవచ్చు. ఏమీ వివరించకుండా "375కి 278 కలిపి చూడు" అనవచ్చు. 653 వచ్చేసరికి పిల్లవాడే తలెత్తి చూస్తాడు. మూడు తీర్లూ మంచివే. తప్పు వెనకున్న ఆలోచన కనబడకపోతే మూడూ వృథాయే.

పద్ధతిని మాత్రమే ఎత్తుకుపోతే ఏమవుతుందో మన దక్షిణాది చరిత్రలోనే ఉంది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఇక్కడి వీధిబడుల ఆనవాయితీ. 18వ శతాబ్ది చివర మద్రాసులో అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్, ఒక నాటు బడిలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి ఆ ఏర్పాట్లను తన బడిలోకి తెచ్చుకున్నాడు. 1797లో దాని మీద ప్రచురించిన పుస్తకంతో అది మద్రాసు పద్ధతి పేరిట ఇంగ్లండులో వ్యాపించింది. ఒక ఉపాధ్యాయుడు, వందల పిల్లలు, మధ్యలో పెద్ద పిల్లలు: ఖర్చు తగ్గింది. కానీ చదువు చెప్పే పెద్ద పిల్లవాడు తాను బట్టీ పట్టిందే అప్పజెప్పగలడు, ఎదుటివాడు ఎందుకు తడబడుతున్నాడో వాడికి అంతుపట్టదు. ఆ లోపమే ఆ పద్ధతికి అడ్డుగా నిలిచింది. మన వీధిబడులను ఆకాశానికెత్తడమూ సరికాదు. 1823లో బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ తన నివేదికలో పెద్ద పిల్లలు చిన్నవాళ్లకు చెప్పే ఏర్పాటును మెచ్చుకున్నాడు, పిల్లలు పద్యాలను అర్థం తెలియకుండానే వల్లిస్తున్నారనీ రాశాడు.

దీనికి భిన్నమైన దారి గిడుగు రామమూర్తి గారిది (1863–1940). 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా చేరిన ఆయన, సవర గిరిజనులకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలనుకున్నారు. ఆ భాష వచ్చినవాణ్ణి ఇంట్లో ఉంచుకుని నేర్చుకున్నారు, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, 1931లో సవర భాషా వ్యాకరణం వెలువరించారు. 1906 తర్వాత పాఠశాలల పర్యవేక్షకుడు జె.ఎ. యేట్స్‌కు పుస్తకాల తెలుగు, జనం తెలుగు వేరువేరుగా ఎందుకున్నాయన్న సందేహం వచ్చింది. జనం తెలుగునే రాతలోకి తేవాలని గిడుగు నడిపిన వ్యావహారిక భాషోద్యమం అక్కణ్ణుంచే ఊపందుకుంది. అంత పెద్ద ఉద్యమానికి మూలం తరగతి గదిలోని అడ్డంకే కావడం నాకు ఎంతో విలువైన సంగతి. గిడుగు అసాధారణుడు, అందరూ గిడుగులు కాలేరని అనవచ్చు. నిజమే. ఆయన వేసిన మొదటి అడుగు మాత్రం ఎవరైనా వేయగలది: నా ఎదుట కూర్చున్న పిల్లవాడు ఇంట్లో ఏ మాట మాట్లాడుతున్నాడని అడగడం. ఖానాపూర్, కొత్తగూడ వైపు తండాల పిల్లలు ఇంట్లో గోర్ బోలి మాట్లాడతారు, గూడేల్లో కోయ వినిపిస్తుంది. బడికొస్తే తెలుగు. 2022–23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం కూడా వచ్చింది. అలాంటి బడిలో ఒక పిల్ల మౌనంగా ఉంటే లెక్క రాకనా, మాట అందకనా? ఈ రెండింటినీ విడదీసి చూడలేని ఉపాధ్యాయుడికి ఏ శైలీ అక్కరకు రాదు.

ఇంకో అభ్యంతరం గట్టిది. ఎవరి తీరు వారిదంటే క్రమం పోతుంది, బలహీనమైన పిల్లలే నష్టపోతారు అని. కొత్త విషయం నేర్చేవారిని వారి మానాన వదిలేయడం కన్నా అడుగడుగునా స్పష్టంగా నేర్పడమే మేలని 2006లో కిర్ష్‌నర్, స్వెల్లర్, క్లార్క్ అనే పరిశోధకులు వాదించారు. చూసి నేర్చేవారు, విని నేర్చేవారు అని పిల్లల్ని విడదీసి తగిన పాఠం చెప్పడంలో ఫలితం ఉందనడానికి చాలినంత ఆధారం లేదని 2008లో పాష్లర్ అనే పరిశోధకుడి బృందం తేల్చింది. ఈ రెండింటినీ నేను ఒప్పుకుంటాను. అందుకే నేను సొంత తీరు అంటున్నది ఉపాధ్యాయుడి ఇష్టాయిష్టాల గురించి కాదు. మూడో తరగతి చివరికి తీసివేత రావాలన్న లక్ష్యం అందరిదీ ఒకటే. ఏ మెట్టు దగ్గర ఎంతసేపు నిలవాలి, ఎప్పుడు చెప్పాలి, ఎప్పుడు అడిగి ఊరుకోవాలి అన్నది మాత్రం ఆ గదిలో ఉన్నవారే తేల్చుకోవాలి. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లోకి వచ్చిన తొలిమెట్టు లాంటి కార్యక్రమం పిల్లల స్థాయి కనుక్కోమంటే మంచిదే. ఆ స్థాయి రిజిస్టరులో అంకెగా మిగిలిపోతే ఉపాధ్యాయుడు దాన్నుంచి ఏమీ నేర్చుకోడు.

ఇక తీరిక సంగతి. ఒకరో ఇద్దరో అయిదు తరగతులు చూసుకునే బడిలో ప్రతి నోటుపుస్తకం చదవమనడం అన్యాయం. వారానికి ఒక్క లెక్క, ఒక్క వాక్యం చాలు. స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతున్నాయి. సర్క్యులర్లు చదివి ముగించే బదులు, పేర్లు కనబడకుండా పిల్లల తప్పు జవాబులు నాలుగు బల్లమీద పెట్టి, వాడు ఇలా ఎందుకు రాసి ఉంటాడని మాట్లాడుకోవాలి. కథలా చెప్పే సారూ, ప్రశ్నలడిగే టీచరూ అక్కడ ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటారు. నర్సంపేట డివిజన్‌లో దీన్ని వచ్చే విద్యా సంవత్సరమే మొదలుపెట్టవచ్చు. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, సమావేశంలో ఒక గంట కేటాయిస్తే సరిపోతుంది.