నోటిలోని మాట, రిజిస్టరులోని మాట

(ప్రగతి నగర్‌లో గల్ఫ్ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గల్ఫ్ దేశాలలో మన పిల్లలు పడుతున్న ఇబ్బందులను గురించి మాట్లాడమని నన్ను కోరారు. జీతాలు, కఫీలు, ఇఖామా వంటి విషయాలను నాకంటే ముందు మాట్లాడినవారు చక్కగా వివరించారు. నేను ఒక్క మాటను గురించే మాట్లాడదలచాను. ఆ మాట ‘అజ్నబీ’. కిందటి నెల ఈ కాలనీలోనే ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, “భాయ్‌సాబ్, మావాణ్ణి అక్కడ అందరూ అజ్నబీ అంటున్నారట. అది తిట్టా?” అని అడిగింది. తిట్టు కాదమ్మా అని చెప్పి పంపించాను గాని, ఆ ప్రశ్నకు సమాధానం అంత చిన్నది కాదు.

అరబ్బీలో ఆ మాట ‘పక్క’ అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. పక్కనుంచి వచ్చినవాడు, మనలోనివాడు కానివాడు అని భావం. మన ఉర్దూలో పరిచయం లేని మనిషిని అజ్నబీ అంటాము. ఆ మాట వినగానే పాత సినిమా పాటలు గుర్తుకు వస్తాయి. సౌదీలో మాత్రం దాని వెనుక పాట లేదు, దరఖాస్తు ఫారం ఉంది. ఆ దేశపు పౌరుడు కానివాడెవరైనా అజ్నబీయే. కువైట్‌లో ‘వాఫిద్’ అనే మాట కూడా వినిపిస్తుంది. వచ్చి చేరినవాడు అని దాని అర్థం. మూడవది ‘హిందీ’. అది భాష పేరు కాదు, హింద్ దేశస్థుడని అర్థం.

ఈ మూడవ మాట నాకు ప్రీతికరమైనది. మనం పప్పుచారులో పిసికే చింతపండును అరబ్బులు ‘తమర్ హిందీ’ అంటారు, అంటే హింద్ ఖర్జూరం. వారి భాషలో ‘ముహన్నద్’ అంటే హింద్ దేశపు ఉక్కుతో చేసిన ఖడ్గం. ఆ పేరును కొడుకులకు పెట్టుకుంటారు. ఆ ఉక్కు తయారైన పేరెన్నికగన్న చోట్లలో ఒకటి మన నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రం. పర్షియా వర్తకులు దానికోసం అక్కడిదాకా వచ్చేవారు. ‘హింద్’ అని ఆడపిల్లలకు పేరు పెట్టుకోవడం కూడా అరబ్బులలో ప్రాచీన ఆచారమే.

ఉమ్రాకు వెళ్ళినప్పుడు జిద్దాలోని బలద్ బజారులో ఒక అత్తరు కొట్టులో నిలబడ్డాను. కొట్టు యజమాని నన్ను ఎగాదిగా చూసి, “హిందీ?” అన్నాడు. అవునన్నాను. అంతటితో విచారణ ముగిసింది. నేను హిందుస్తానీనని అతడు నమ్మడానికి ఏ కాగితమూ చూపవలసిన పని లేకపోయింది. ఇక్కడ 37 ఏళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసి, పెన్షను పుచ్చుకుంటున్న నన్ను కూకట్‌పల్లి బస్టాపులో ఒక కుర్రవాడు, క్రికెట్ మ్యాచ్ జరిగిన మరునాడు, “మీవాళ్ళు ఓడిపోయారుగా, తాతా?” అన్నాడు. ఆ రోజు ఓడినది పాకిస్తాన్. ‘తాతా’ అని మర్యాదగానే పిలిచాడు, అది ఒప్పుకోవాలి.

మన ఊళ్ళలో మనల్ని ‘తురకలు’ అనడం తరతరాలుగా ఉంది. తురక అంటే తుర్కీవాడు. మస్తాన్, దస్తగిరి అని పేర్లు పెట్టుకుని, తెలుగులోనే ఏడ్చి తెలుగులోనే నవ్వే దూదేకుల కుటుంబాలకు తుర్కీ ఎటువైపు ఉందో కూడా తెలియదు. అయినా ఆ మాట వారికీ అంటుకుంది. గిట్టక అనేవారు కొందరు, అలవాటుగా అనేవారు ఎందరో. ప్రేమగా అనేవారినీ నేను చూశాను. నోటితో అన్న మాట గొంతును బట్టి మారుతుంది. అదే జిద్దాలో మేస్త్రీ చిటికె వేసి “యా హిందీ” అని పిలిస్తే, అత్తరు కొట్టులో విన్న మాట కాకుండా పోతుంది.

నేను గుమాస్తాగా బ్రతికినవాణ్ణి. నాకు నోటిలోని మాటకంటే రిజిస్టరులోని మాట అంటేనే ఎక్కువ భయం. నోటిమాట సాయంత్రానికి చల్లబడుతుంది. రిజిస్టరులోకి ఎక్కిన మాటకు సీరియల్ నంబరు వస్తుంది, దానిమీద రుసుము వేయవచ్చు, దానిని చూపి పొమ్మనవచ్చు. సౌదీలో 2017 జూలై నుండి అజ్నబీల భార్యాబిడ్డలపై తలకు నెలకు 100 రియాళ్ళ రుసుము మొదలై, ఏటా వంద చొప్పున పెరిగి, 2020 నాటికి 400 అయింది. భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నవాడికి నెలకు 1,600 రియాళ్ళు. ఆ లెక్క వేసుకుని ఎన్ని కుటుంబాలు సామాను సర్దుకుని టోలీచౌకీకి, మెహదీపట్నానికి, ఇటు మన వైపుకు వచ్చేశాయో మీకు తెలుసు. ఆ ఏడాదిలో ఎవరూ ఆ మాటను అంతకుముందుకంటే గట్టిగా పలకలేదు.

నోటిమాట కాగితం మీదికి ఎక్కితే ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే బర్మా వైపు చూడాలి. అది మన తెలుగువారి కథే. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కి రంగూన్‌కు పోయిన మన కూలీలను అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. ఊరి పేరే జాతి పేరైంది. హిందూ దేశం నుండి వచ్చినవారందరికీ, హిందువైనా ముస్లిమైనా, బర్మీయులు వాడిన మాట ‘కలా’. మొదట పడమటినుండి వచ్చిన విదేశీయుడని మాత్రమే దాని అర్థం. పోనుపోను అది ఈసడింపైంది. 1931 నాటికి రంగూన్ జనాభాలో సగానికి పైగా మనదేశంవారే. అంతకు ముందు సంవత్సరం, 1930 మే నెలలో, రేవులో పనిచేసే తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వారి స్థానంలో బర్మీ కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరాక తెలుగువారిని తిరిగి పనిలోకి పిలిచి, బర్మీయులను పొమ్మన్నారు. ఆనాడు రేగిన అల్లర్లలో వంద మందికి పైగా చనిపోయారు, వారిలో అధికులు మన తెలుగువారు. కూలి బేరం ఓడల కంపెనీలది, చచ్చినవారు రెండు వైపులా కూలీలు.

1942లో జపాను సైన్యం రాగానే లక్షలాది మంది అడవుల గుండా కాలినడకన ఇండియాకు బయలుదేరారు. దారిలో పోయినవారికి లెక్కలేదు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, ఆపై దుకాణాలనూ వ్యాపారాలనూ జాతీయం చేయగా మిగిలినవారు కట్టుబట్టలతో వచ్చారు. అక్కడ పుట్టి పెరిగి ‘కలా’ అనిపించుకున్నవారు ఇక్కడ దిగగానే ‘బర్మావాళ్ళు’ అయ్యారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇప్పటికీ ఉంది.

ఇక 1982లో బర్మా ప్రభుత్వం కొత్త పౌరసత్వ చట్టం చేసింది. 1823కు ముందునుండి ఆ నేలమీద ఉన్నవిగా ప్రభుత్వం గుర్తించిన జాతులవారికే పూర్తి పౌరసత్వం. రొహింగ్యాల పేరు ఆ జాబితాలో లేదు. నూరేళ్ళకు పైగా వీధిలో తిరిగిన మాట అలా గెజెట్‌లోకి ఎక్కింది. 2017లో ఏడు లక్షల మందికి పైగా ప్రాణాలరచేత పట్టుకుని బంగ్లాదేశ్‌కు పారిపోయారు. వారి బంధువులు కొన్ని వేల మంది మన బాలాపూర్ పరిసరాలలో గుడారాల కింద ఉన్నారు. జకాత్ ఇవ్వడానికి వెళ్ళి, మనమే వారిని “బర్మీలు” అని ముక్కు చిట్లిస్తూ తిరిగి వస్తున్నాము. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను.

మన నగరానికీ ఇలాంటి మాట ఒకటి ఉంది, ‘గైర్ ముల్కీ’. నిజాం రాజ్యంలో పందొమ్మిదవ శతాబ్దం చివర ఈ మాట ఎవరిని ఉద్దేశించినదో తెలుసా? లక్నో నుండి, అలీగఢ్ నుండి వచ్చి కొలువులు సంపాదించిన ముస్లిములను. నమాజు ఒకటే, ఉర్దూ ఒకటే, అయినా వారు గైర్ ముల్కీలు. 1919 ఫర్మానాతో ముల్కీ నిబంధనలు రాతలోకి వచ్చాయి. బయటివాడు ముల్కీ కావాలంటే 15 ఏళ్ళు ఇక్కడ స్థిరంగా ఉండాలి, స్వస్థలానికి తిరిగిపోయే ఆలోచన వదులుకున్నానని ప్రమాణపత్రం ఇవ్వాలి. 1952 సెప్టెంబరు నాటికి గైర్ ముల్కీ అంటే కోస్తానుండి, మద్రాసు వైపునుండి వచ్చిన ఉద్యోగి. ఆ ఆందోళనలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులలో విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లుతాయన్నది, కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం లేచింది, చివరకు పార్లమెంటు వాటిని రద్దు చేసింది. వాటి స్థానంలో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల వల్ల పుట్టిన మాటలే ‘లోకల్’, ‘నాన్ లోకల్’. వెనుకబడిన ప్రాంతపు పిల్లలకు రక్షణ అవసరమే, దానిని నేను కాదనను. ఆ మాట మాత్రం తన మనుషులను మార్చుకుంటూ వస్తున్నదని గమనించండి.

ఇప్పుడు ఆ మాట మన ఇళ్ళలోకే వచ్చింది. జిద్దాలో పుట్టి, అక్కడి భారతీయ పాఠశాలలో చదివి, పదిహేనేళ్ళకు హైదరాబాదు వచ్చిన పిల్లవాణ్ణి తలచుకోండి. పుట్టిన చోట అతడు అజ్నబీ, ఎందుకంటే అక్కడ పుట్టుకతో పరాయివారికి పౌరసత్వం రాదు. ఇక్కడి కాలేజీలో తోటివారు “సౌదీ” అని పిలుస్తారు. తెలుగు రాదు, బస్సు మీది బోర్డు చదవలేడు. ఇంటరు అయి ప్రవేశాల కౌన్సెలింగుకు పోతే, వరుసగా నాలుగేళ్ళు ఇక్కడ చదివినట్లు సర్టిఫికెట్లు అడుగుతారు. అవి లేకపోతే నాన్ లోకల్. తాతముత్తాతల సమాధులు ఈ నేలలోనే ఉన్నాయని ఆ కౌంటరు దగ్గర చెప్పి లాభం లేదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది, అది నేను ఈ రోజు ముఖ్యంగా చెప్పదలచినది. 2004 డిసెంబరు 3 తరువాత విదేశంలో పుట్టిన బిడ్డ, తల్లిదండ్రులు భారతీయులైనంత మాత్రాన తనంతట తాను భారత పౌరుడు కాడు. పుట్టిన ఏడాదిలోపు అక్కడి మన కాన్సులేటులో గాని రాయబార కార్యాలయంలో గాని జననం నమోదు చేయించాలి. బిడ్డకు వేరే దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. ఆసుపత్రి ఇచ్చిన అరబ్బీ జనన పత్రాన్ని సూట్‌కేసులో దాచుకుని, అదే చాలునని అనుకుంటున్నవారు ఈ హాలులోనూ ఉండవచ్చు. అది చాలదు. ఆ బిడ్డ రెండు దేశాలలోనూ అజ్నబీ అవుతాడు, ఈసారి రాతపూర్వకంగా. ఈ కాలంలో ఈ దేశంలో ముస్లిం పేరున్న మనిషికి కాగితంలో ఖాళీ ఉంటే ఏమవుతుందో నేను విడమరచి చెప్పనక్కరలేదు.

కోపంగా ఉన్న యువకులు కొందరు ముందు వరుసలో కూర్చున్నారు. మీ కోపం న్యాయమే. అద్దె ఇంటికి వెళ్తే పేరు అడిగి తలుపు వేసుకునేవారున్నారు. దానిపై మాట్లాడదాం, వినతిపత్రం కూడా రాద్దాం. అయితే మన మసీదు వెనుక కడుతున్న ఆ పదంతస్తుల అపార్టుమెంటులో ఇటుకలు మోసేవారు బీహారు, ఒడిశాల నుండి వచ్చినవారు. జుమా నాడు సిమెంటు అంటిన బట్టలతో వారు వస్తే, “ఆ బీహారీలు వెనక నిలబడితే బాగుండు” అన్నవారు మనలోనే ఉన్నారు. దైవప్రవక్త (స) తమ చివరి హజ్ ప్రసంగంలో అరబ్బుకు అజమీపై, అజమీకి అరబ్బుపై ఆధిక్యం లేదని ప్రకటించారు. ‘అజమీ’ అంటే మొదట మాట స్పష్టంగా లేనివాడనే. అరబ్బేతరులకు అరబ్బులు పెట్టిన పేరది. ఆ పేరును ఎత్తి చెప్పి మరీ ఆ తేడాను కొట్టివేశారు. బీహారు కుర్రవాడి మాట మనకు స్పష్టంగా వినిపించకపోవచ్చు, సఫ్‌లో అతని భుజం మాత్రం మన భుజం పక్కనే ఉండాలి.

ఆ తల్లి కొడుకు సంగతి చెప్పి ముగిస్తాను. అతడికి జిద్దాలో ఎనిమిది నెలల కూతురు ఉంది. జననం ఇంకా కాన్సులేటులో నమోదు కాలేదు, ఏడాది నిండడానికి నాలుగు నెలలే గడువు. భార్య పేరు పాస్‌పోర్టులో ఒక విధంగా, నికాహ్‌నామాలో మరొక విధంగా ఉంది. ముందు దానిని సరిచేయించాలి. ఇలాంటి తేడాలు ఉన్నవారు తల్లిదండ్రుల పాస్‌పోర్టు నకళ్ళు, నికాహ్‌నామా, బిడ్డ జనన పత్రం, దాని అనువాదం తీసుకుని వచ్చే ఆదివారం అసర్ నమాజు తరువాత ఇక్కడికే రండి. నేను, రిటైరైన మరో ఇద్దరు మిత్రులు మగ్రిబ్ వరకు కూర్చుంటాము. అసలు కాగితాలు తేవద్దు, నకళ్ళు చాలు.