ఒత్తునకుఁ జోటు

మా నల్లపాడు పత్తియు మిరపయుఁ బండు నేల. ఇటీవల మా మనుమఁడు రైతులకొఱకు వెబ్ పుటలో నొక దరఖాస్తుఁ గూర్చెను. అందొక గడిపైనున్న “పత్తి వివరములు” అను లేబులునకుఁ గ్రిందనున్న తకారపు ఒత్తు తెగి, “పతి వివరములు” అని కనఁబడెను. భర్తను గోల్పోయిన మా పొరుగింటి పెద్దమ్మ అది చదివి కన్నీరు పెట్టుకొనెను.

కారణ మేమనఁగా, వెబ్ కాంపోనెంటు గోడగల యిల్లువంటిది. ఆ గోడ పేరు షాడో డామ్. లోపలి లేబులునకు నిర్ణయించిన పంక్తియెత్తు ఇంగ్లీషు అక్షరములకుఁ జాలును గాని, క్రిందికి దిగు మన యొత్తులకుఁ జాలదు. అంచు దాఁటిన భాగము మఱుగుపడును. వెలుపల వ్రాసిన సీఎస్ఎస్ సూత్రము గోడ దాఁటి యా లేబులును నేరుగాఁ బట్టఁజాలదు.

అయినను నిర్మాత లేబులునకు ‘పార్ట్’ అను గుర్తు నిచ్చియున్నచో, అదియే కిటికీ. మనుమఁడు ఆ గడి కొక్కదానికే క్లాసు పేరు పెట్టి, ఆ కిటికీగుండ దాని లేబులు పంక్తియెత్తును 1.2 నుండి 1.8 కిఁ బెంచెను. తక్కిన లేబుళ్లు మాఱలేదు. ఒత్తు మాత్రము వెలువడెను.

పెద్దమ్మ చూచి, “ఇది మా చేని మాటే గదా, మాస్టారూ!” అనెను.

ఒత్తు పోయిన నర్థము పోవునని బడిలో నెందఱికో చెప్పితిని. ఆ పాఠము యంత్రమునకును జెప్పవలసియున్నది.